బండి బోల్తా పడితే బీమా వస్తుందా? ఆఫ్‌రోడ్ జీపుకూ, పొలంలో ట్రాక్టర్‌కూ సమగ్ర మార్గదర్శి

మారేడుమిల్లి నుంచి గుడిస కొండ మీదికో, వికారాబాద్ చుట్టుపక్కల మట్టి దారుల్లోకో థార్ వేసుకుని వెళ్లేవాళ్లు ఇప్పుడు బాగా ఎక్కువయ్యారు. జిమ్నీలు, గూర్ఖాలు కూడా కనిపిస్తున్నాయి. టైర్లలో గాలి ఎంత తగ్గించాలి, 'ఫోర్ లో' (నాలుగు చక్రాలకూ లాగే బలం ఇచ్చే తక్కువ గేరు) ఎప్పుడు వేయాలి అన్నవి వెళ్లే ముందే నలుగురినీ అడిగి తెలుసుకుంటారు. బండి బోల్తా పడితే బీమా వస్తుందా అన్నది మాత్రం పడ్డాకే అడుగుతారు. అప్పటికి క్లెయిమ్‌ను చెడగొట్టే పనులు సగం జరిగిపోయి ఉంటాయి.

ముందు సూటిగా జవాబు చెప్తాను. సొంత బండికి ప్యాకేజీ పాలసీ (ఇతరుల నష్టంతో పాటు మీ బండి నష్టానికీ కవర్ ఇచ్చేది) ఉంటే, చాలా సందర్భాల్లో వస్తుంది. బండి తారు రోడ్డు మీద పడిందా, రాళ్ల గుట్ట మీద పడిందా అనే తేడా మన దేశంలోని మామూలు ప్యాకేజీ పాలసీల్లో ఉండదు. బీమా కంపెనీ చూసేవి వేరే. ఏ పని మీద వెళ్లారు? స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది? తాగి ఉన్నారా? పడ్డ తర్వాత ఏం చేశారు? క్లెయిమ్ నిలిచినా పోయినా వీటి దగ్గరే.

మొదటి అడుగు: మీ దగ్గర ఏ పాలసీ ఉందో తీసి చదవండి

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండికి పైసా రాదు. అది మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ తప్పనిసరి చేసింది దాన్నే. మీ బండి రిపేరు ఖర్చు రావాలంటే ఓన్ డ్యామేజ్, అంటే సొంత బండి నష్టానికి కవర్ ఉండాలి. కొత్త కారు కొన్నప్పుడు థర్డ్ పార్టీ మూడేళ్లకు ఇచ్చి, ఓన్ డ్యామేజ్ ఒక్క ఏడాదికే ఇచ్చే పాలసీలు చాలా ఉన్నాయి. 'ఇంకా ఇన్సూరెన్స్ ఉందిలే' అనుకుని రెండో ఏడు కొండెక్కేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రెండు తేదీలూ విడివిడిగా చూసుకోండి.

2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో (అప్పట్లో అన్ని కంపెనీలకూ ఒకే షరతులు పెట్టిన నియమావళి) రాసిన మాటలే ఇప్పటికీ చాలా కంపెనీల పాలసీల్లో కనిపిస్తాయి. వాటి ప్రకారం బయటి కారణం వల్ల ప్రమాదవశాత్తు జరిగిన నష్టానికి కవర్ ఉంటుంది. బోల్తా ఇందులోకే వస్తుంది. కొండచరియ విరిగిపడటం, రాళ్లు దొర్లిపడటం, వరద అయితే పేరుపేరునా రాసి ఉంటాయి. ఈమధ్య కంపెనీలకు సొంత పదాలు రాసుకునే వెసులుబాటు వచ్చింది కాబట్టి మీ పాలసీ పీడీఎఫ్‌లో 'మినహాయింపులు', 'వాడకంపై పరిమితులు' అనే రెండు భాగాలూ మీరే చదవాలి. ఏజెంట్ నోటిమాట మీద ఆధారపడొద్దు.

ప్రైవేటు కారు పాలసీలో వాడకంపై ఉండే పరిమితులు ఇవి: కిరాయికి తిప్పడం, సొంత లగేజీ కాకుండా సరుకులు మోయడం, పోటీ పందేలు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ (బండి ఎంత గట్టిగా నిలబడుతుందో చూసే పరీక్షలు), మోటారు వ్యాపారానికి సంబంధించిన పనులు. ఆఫ్‌రోడ్ వెళ్లేవాళ్లకు వీటిలో రెండు గట్టిగా తగులుతాయి.

ఒకటి, పోటీ. పది మంది స్నేహితులు కలిసి ఓ ఆదివారం మట్టి దారిలో వెళ్లడం పోటీ కాదు. ఎంట్రీ ఫీజు కట్టించుకుని, నంబర్ స్టిక్కర్ అంటించి, టైమింగ్ పెట్టి, చివర్లో ట్రోఫీ ఇస్తే అది పోటీ. అందులో బండి పల్టీ కొడితే మామూలు పాలసీ పనికిరాదు. టారిఫ్‌లో ఐఎంటీ 31 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి విడిగా జోడించే షరతు) ఉంది. రిలయబిలిటీ ట్రయల్స్‌కీ ర్యాలీలకీ అదనపు ప్రీమియంతో ఇచ్చేది అది. ఈవెంట్‌కు పేరు ఇచ్చే ముందే మీ కంపెనీకి మెయిల్ పెట్టి, ఈ కవర్ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. నిర్వాహకులు సంతకం పెట్టమనే కాగితం కూడా చదవండి. 'జరిగే నష్టమంతా నేనే భరిస్తాను' అని మీరు ఒప్పందం రాసిస్తే, ఆ ఒప్పందం వల్ల మీద పడే బాధ్యతను మోటారు పాలసీ మోయదు.

రెండోది, కిరాయి. తెల్ల నంబర్ ప్లేటు జీపులో మనిషికి ఇంతని తీసుకుని వ్యూ పాయింట్‌కు ఎక్కించడం కొండ ప్రాంతాల్లో మామూలైపోయింది. ఆ జీపు పడితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్‌కే కాదు, ఎక్కినవాళ్ల పరిహారానికీ కంపెనీ అడ్డం తిరుగుతుంది. మీరు ప్రయాణికులుగా వెళ్తుంటే, పిల్లల్ని ఎక్కించే ముందు పసుపు ప్లేటు ఉందో లేదో చూడండి. కొండ ఎంత నిటారుగా ఉందన్నదానికంటే నేను ముందు చూసేది దాన్నే.

రెండో అడుగు: బయలుదేరే ముందు కాగితాలూ, యాడ్‌ఆన్‌లూ

ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు. మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే ఇది వర్తిస్తుంది. చెయ్యి విరిగి ఆసుపత్రి బిల్లు అయితే హెల్త్ పాలసీ మీదే వెళ్లాలి. హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు ఉంటుందని చాలామంది భయపడతారు. ఆ ప్రామాణిక మినహాయింపు, వృత్తిగా ఆ క్రీడల్లో పాల్గొనేవాళ్లకు సంబంధించింది. సరదాగా వెళ్లినవాళ్లు ఆ మాట విని క్లెయిమ్ వదులుకోవద్దు.

పక్కన కూర్చునే వాళ్ల కోసం పేరు లేని ప్రయాణికుల యాక్సిడెంట్ కవర్ మనిషికి 2 లక్షల వరకు తీసుకోవచ్చు, ఖర్చు కొద్దిగానే అవుతుంది. ప్యాకేజీ పాలసీ ఉన్న ప్రైవేటు కారులో కూర్చున్నవాళ్లకు యజమాని చట్టపరమైన బాధ్యత కింద కూడా కవర్ ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2009లో సర్క్యులర్ ఇచ్చింది. సుప్రీంకోర్టు 2012లో బాలకృష్ణన్ కేసులో యాక్ట్ పాలసీకీ (అంటే థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నదానికీ) ప్యాకేజీ పాలసీకీ ఉన్న ఈ తేడానే చూపించింది. యాక్ట్ పాలసీ బండిలో స్నేహితుల్ని ఎక్కించుకుని కొండెక్కడం వాళ్లకు అన్యాయం చేయడమే.

యాడ్‌ఆన్‌లలో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల ధరలో తరుగు కోయకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్ట్ (ఇంజిన్ నష్టానికి), రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే కొన్న ధర ఇచ్చేది) మూడూ బోల్తా విషయంలో నిజంగా ఉపయోగపడతాయి. టోయింగ్ కవర్ కూడా చూడండి. పాత టారిఫ్ ప్రకారం కారును లాగించుకుని షెడ్‌కు చేర్చడానికి ఇచ్చేది ఒక ప్రమాదానికి 1,500 రూపాయలు మాత్రమే. లోయలోంచి క్రేన్‌తో తీయించాలంటే ఆ డబ్బు ఏ మూలకూ చాలదు.

తర్వాత మోడిఫికేషన్లు. లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, ఇనుప బంపర్, విన్చ్ (తాడుతో బండిని లాగే యంత్రం), పైన టెంట్. బరువు పైకి చేరేకొద్దీ బండి త్వరగా ఒరుగుతుంది, ఇది డ్రైవింగ్ వైపు నుంచి. బీమా వైపు నుంచి చూస్తే, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చకూడదని చట్టం 52వ సెక్షన్ చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. క్రాష్ గార్డులు, బుల్ బార్లు పెట్టకూడదని కేంద్ర రవాణా శాఖ 2017లోనే ఆదేశించింది. కంపెనీకి చెప్పకుండా సస్పెన్షన్ ఎత్తు పెంచిన బండి పల్టీ కొడితే, 'ఈ మార్పు వల్లే పడింది' అని సర్వేయర్ రాయడానికి మీరే అవకాశం ఇచ్చినట్టు. చట్టబద్ధంగా పెట్టుకోగలిగిన యాక్సెసరీలకు బిల్లు ఇచ్చి పాలసీలో విలువ చేర్పించండి. చేర్పించని విన్చ్ విరిగితే దానికి డబ్బు రాదు.

మూడో అడుగు: పడ్డ వెంటనే

ముందు మనుషులు. ఇగ్నిషన్ ఆపేయండి. తలకిందులుగా వేలాడుతుంటే సీట్ బెల్టు తీసే ముందు ఒక చెయ్యి పైకప్పుకు గట్టిగా ఆనించండి, లేకపోతే మెడ మీద పడతారు. బయటికొచ్చాక వాలుకు పై వైపు నిలబడండి, కింది వైపు ఎవ్వరూ ఉండకూడదు. దెబ్బలు తగిలితే 108. ఎవరికైనా గాయాలైనా, వేరేవాళ్ల ఆస్తి దెబ్బతిన్నా, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం డ్రైవర్ బాధ్యత.

ఇక బండి. ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. పక్కకి పడిన డీజిల్ జీపును నలుగురూ కలిసి నిలబెడతారు. డోర్లు సొట్ట పోయాయి, అద్దం పగిలింది, మిగతా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరో ఒకరు 'ఒకసారి స్టార్ట్ చేసి చూడు బ్రో' అంటారు. తాళం తిప్పగానే టక్‌మని ఒక శబ్దం వచ్చి ఇంజిన్ బిగుసుకుపోతుంది. బండి ఒరిగి ఉన్నంతసేపూ సంప్‌లోని (ఇంజిన్ అడుగు తొట్టిలోని) ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్‌లోకీ, రింగుల సందుల్లోంచి సిలిండర్లలోకీ చేరుతుంది. గాలిలా ద్రవం నొక్కితే కుదించుకుపోదు. పిస్టన్ పైకి వస్తూ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బోల్తా వల్ల అయిన సొట్టలకు క్లెయిమ్ వస్తుంది. వంగిన రాడ్‌కు మాత్రం 'ఇది ప్రమాదం వల్ల నేరుగా కాలేదు, తర్వాత స్టార్ట్ చేయడం వల్ల అయింది' అని కంపెనీ కోత పెడుతుంది. పాలసీ షరతుల్లోనే ఉంటుంది: ప్రమాదం తర్వాత రిపేరు చేయించకుండా బండి నడిపితే, దాని వల్ల పెరిగిన నష్టం యజమానిదే.

అందుకే నిలబెట్టాక తాళం ముట్టుకోవద్దు. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. మెకానిక్ వచ్చి డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు, పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్గులు విప్పి, క్రాంక్‌ను చేత్తో తిప్పి ఆయిల్ బయటికి వచ్చేసిందని చూశాకే సెల్ఫ్ కొట్టాలి. అడవిలో చీకటి పడుతోందన్న టెన్షన్‌లో ఈ ఒక్క నియమం తప్పితే ఇంజిన్ మొత్తం మీ జేబులోంచే.

నిలబెట్టక ముందే ఫొటోలు తీయండి. నాలుగు వైపులా, నంబర్ ప్లేటు కనిపించేలా, చక్రం జారిన చోటు, వాలు, మట్టి మీద గీతలు. ఓ నిమిషం వీడియో ఆపకుండా తీస్తే ఇంకా మంచిది, లొకేషన్ ఆన్‌లో పెట్టండి. తాడు ఎక్కడ కట్టారో కూడా తీయండి. లాగేటప్పుడు వంగిన భాగాలకూ పడ్డప్పుడు వంగిన భాగాలకూ తేడా తర్వాత అడుగుతారు. బండిని రాత్రికి అక్కడే వదిలేయాల్సి వస్తే ఎవరినైనా కాపలా పెట్టండి. జాగ్రత్త తీసుకోకుండా వదిలేసిన బండికి ఆ తర్వాత జరిగే నష్టం కవర్ కాదు.

నాలుగో అడుగు: కంపెనీకి చెప్పడం

సిగ్నల్ అందగానే టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, అదే రోజు మెయిల్ కూడా పెట్టండి. గాయాలు, ఇతరుల నష్టం లేని బోల్తాకు సాధారణంగా ఎఫ్ఐఆర్ అడగరు.

క్లెయిమ్ ఫారంలో 'ప్రమాదం ఎలా జరిగింది' అనే గడి దగ్గర చాలామందికి చెయ్యి వణుకుతుంది. 'ఆఫ్‌రోడ్ అని రాస్తే కొట్టేస్తారు, కుక్క అడ్డొచ్చిందని రాసేయ్' అని సలహా ఇచ్చేవాళ్లు షెడ్‌లోనే దొరుకుతారు. దయచేసి వినొద్దు. సర్వేయర్ చూసేసరికి ఛాసిస్ సందుల్లో ఎర్రమట్టి ఎండి ఉంటుంది, పైకప్పు మీద రాతి గీతలు ఉంటాయి, టైర్లలో గాలి సగమే ఉంటుంది. కనెక్టెడ్ కారు అయితే ఎక్కడ ఉందో యాప్‌లోనే ఉంటుంది. నిజం రాస్తే వచ్చే డబ్బు అబద్ధం రాసి పోగొట్టుకున్నట్టవుతుంది, ఎందుకంటే తప్పుడు సమాచారం ఇచ్చారన్నదే క్లెయిమ్ తిరస్కరించడానికి గట్టి కారణం. డ్రైవర్ పేరు మార్చడం అంతకంటే ప్రమాదం. 'ఫలానా ఊరి దగ్గర మట్టి దారిలో, సొంత పని మీద కుటుంబంతో వెళ్తుండగా, ఎడమ చక్రం కోత గాడిలోకి జారి బండి ఎడమ పక్కకి బోల్తా పడింది' అని జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్టులోకి వెళ్లి ఉంటే అటవీ శాఖ కేసు విడిగా ఎదురవుతుంది, ఆ కేసు కాగితాలు క్లెయిమ్‌లోకీ వస్తాయి. అలాంటి చోటికి అసలు వెళ్లకపోవడమే దారి.

ఐదో అడుగు: సర్వే, లెక్క

50,000 రూపాయలు దాటిన మోటారు నష్టానికి లైసెన్సు ఉన్న సర్వేయర్ చూడాలి. 2024 ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. సర్వేయర్ చూడక ముందు ఒక్క బోల్టు కూడా విప్పించొద్దు.

చేతికి ఎంత వస్తుందో ఒక లెక్కతో చూద్దాం. రెండేళ్లు దాటి మూడేళ్లు నిండని, 1,500 సీసీ పైబడిన జీపు అనుకుందాం. ఇనుప భాగాలు 1,40,000, ప్లాస్టిక్ రబ్బరు భాగాలు 60,000, అద్దాలు 18,000, పెయింటింగ్ మొత్తం 40,000, కూలి 50,000. బిల్లు 3,08,000. ఇనుముకు ఆ వయసులో 15 శాతం తరుగు, అంటే 21,000. ప్లాస్టిక్ రబ్బరుకు సగం, 30,000. అద్దానికి తరుగు లేదు. పెయింటింగ్ బిల్లులో పావు వంతును మెటీరియల్‌గా లెక్కేసి దానిలో సగం కోస్తారు, 5,000. తప్పనిసరి డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన భాగం) 2,000. మొత్తం కోత 58,000, మీకొచ్చేది 2,50,000. జీరో డిప్ ఉంటే ఆ 58,000లో 56,000 మిగిలేది. క్లెయిమ్ చేశాక నో క్లెయిమ్ బోనస్ సున్నా అవుతుంది కాబట్టి, చిన్న గీతలకు మాత్రం ముందు ఈ లెక్క వేసుకుని చూడండి.

రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా తీసుకుంటారు. బోల్తాలో ఇది తరచూ జరుగుతుంది. పైకప్పును మోసే పిల్లర్లు వంగితే బాడీ షెల్ మొత్తం మార్చాల్సి రావచ్చు. 'టింకరింగ్‌తో సరిచేసేద్దాం' అని షెడ్ వాళ్లు అంటే ఒప్పుకోవద్దు. మళ్లీ బోల్తా పడితే మీ పిల్లల తలల మీదికి రాకుండా ఆపాల్సినవి ఆ పిల్లర్లే.

ట్రాక్టర్, జేసీబీ ఉన్నవాళ్లకు

మన ఊళ్లలో రోడ్డు దిగి నడిచే బండ్లలో ట్రాక్టరే ముందుంటుంది, దాని బోల్తాల్లో మనుషులూ పోతున్నారు. దమ్ము చేసేటప్పుడు దిగబడిన ట్రాక్టర్‌ను రేజ్ చేసి ముందుకు లాగబోతే, వెనక చక్రాలు కదలవు, ట్రాక్టర్ ముందు భాగం లేచి డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. 2018లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గరా, యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురం దగ్గరా కూలి పనికి వెళ్తున్న ఆడవాళ్లు ట్రాక్టర్ కాలవలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ట్రాక్టర్ పాలసీ దాని వెనక తగిలించిన ట్రాలీకి పనిచేయదు. ట్రాలీకి దాని సొంత నంబరు, సొంత బీమా ఉండాలి. వ్యవసాయ ట్రాక్టర్‌తో ఇటుక బట్టీకి మట్టి తోలితే అది వ్యవసాయ పని కాదు. 2007లో బ్రిజ్ మోహన్ కేసులో ఇలాంటి ట్రాలీ మీద వెళ్తూ గాయపడిన కూలీ విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ పేదవాడి పరిస్థితి చూసి, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. అంటే చివరికి ఆ భారం యజమాని నెత్తిన పడింది. ట్రాక్టర్ డ్రైవర్‌కూ, పనివాళ్లకూ లీగల్ లయబిలిటీ కవర్ మనిషికి ఇంతని కట్టి తీసుకోవచ్చు, కట్టండి. కూలీలను మాత్రం ట్రాలీలో కాకుండా ఆటోలో పంపండి.

జేసీబీ, క్రేన్ యజమానులు తమ పాలసీలో ఐఎంటీ 47 అని రాసి ఉందేమో చూడాలి. ఆ యంత్రం పనిముట్టుగా పనిచేస్తుండగా, అంటే బకెట్‌తో తవ్వుతూనో బరువెత్తుతూనో బోల్తా పడితే ఆ నష్టం కవర్ కాదని అందులో ఉంటుంది. అదనపు ప్రీమియం కట్టి ఓవర్‌టర్నింగ్ కవర్ చేర్పిస్తే ఆ మినహాయింపు తీసేస్తారు. చెరువు గట్ల మీద పనిచేసే యంత్రాన్ని ఈ కవర్ లేకుండా ఒక్క రోజు కూడా దింపొద్దు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు రెండు మాటలు. అమెరికాలో మామూలు ఆటో పాలసీలో బోల్తా 'కొలిజన్' కవర్ కిందికి వస్తుంది, కాబట్టి లయబిలిటీ ఒక్కటే ఉంటే రాదు. ఏటీవీలకు విడి పాలసీ కావాలి. చాలా రెంటల్ కంపెనీల కారును మట్టి దారిలో దింపితే ఒప్పందం ఉల్లంఘించినట్టే. గల్ఫ్‌లో ఎడారి డ్రైవ్‌కు వెళ్లే ముందు పాలసీలో ఆఫ్‌రోడ్ కవర్ అని విడిగా ఉందో లేదో చూడండి.

చివరి అడుగు: కాదన్నారా, వదలొద్దు

తిరస్కరణ రాతపూర్వకంగా, ఏ షరతు కింద కాదన్నారో ఆ నంబరుతో సహా తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా పెట్టండి, 155255కి ఫోన్ చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకు ఇప్పించగలరు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

వాడకం షరతు తప్పారన్న ఒక్క కారణంతో మొత్తం కొట్టేస్తే 2010 నాటి అమలేందు సాహూ తీర్పు చూపించండి. కిరాయికి తిప్పారన్న ఆరోపణ ఉన్న కారు కేసులో, క్లెయిమ్ పూర్తిగా తిరస్కరించడం సరికాదని, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో పరిష్కరించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పద్ధతిలో, ఒప్పుకోదగ్గ మొత్తంలో 75 శాతం వరకు ఇస్తారు. తాగి నడిపిన కేసుకూ, లైసెన్సు లేని కేసుకూ ఈ తీర్పును పట్టుకుని వెళ్లొద్దు, నిలబడదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే గడువు రెండేళ్లు. తిరస్కరణ ఉత్తరం, సర్వే రిపోర్టు కాపీ, మొదటి రోజు ఫొటోలు, కంపెనీకి పంపిన మెయిల్స్ అన్నీ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. సర్వే రిపోర్టు కాపీ మీరు అడిగితే కంపెనీ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయండి.